మౌఖిక సాహిత్య ధ్వనిముద్రణలు: ఆడియో మిక్సింగ్, ధ్వనిసంకేత సంస్కరణల ప్రాథమిక పరిభాష

వ్యాససారం:

జానపద విజ్ఞానం, మౌఖిక సాహిత్యం, మాండలిక భాషాధ్యయనం వంటి రంగాల్లో ధ్వనిముద్రణ నేడు ప్రధానమైన ఆకరం. క్షేత్రంలో సేకరించిన ధ్వనిని వినసొంపుగా చేయడానికి వాడే ఆడియో మిక్సింగ్ ప్రక్రియలు ఆ ఆకరాన్ని మార్చివేస్తాయి. ఏ ప్రక్రియ దేన్ని మారుస్తుందో తెలియాలంటే దాని పరిభాష తెలియాలి. శాంప్లింగ్, బిట్ డెప్త్, డెసిబెల్, గెయిన్, క్లిప్పింగ్, ఫేజ్, ఈక్వలైజేషన్, కంప్రెషన్, ప్రతినాదం, నార్మలైజేషన్, స్పెక్ట్రోగ్రామ్ మొదలైన భావనలను తెలుగు మౌఖిక కళారూపాల నుండి, తెలుగు ధ్వనుల నుండి ఉదాహరణలు తీసుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. మూలప్రతిని, శ్రవణప్రతిని వేరుగా ఉంచవలసిన అవసరాన్ని గ్రంథ పరిష్కరణ పద్ధతితో పోల్చి ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ధ్వనిముద్రణ, మౌఖిక సాహిత్యం, సంకేత సంస్కరణ, మిక్సింగ్, శాంప్లింగ్, డెసిబెల్, కంప్రెషన్, స్పెక్ట్రోగ్రామ్, మూలప్రతి.

1. పరిచయం:

తాళపత్ర ప్రతులతో పనిచేసే పరిశోధకుడు ప్రతి లక్షణాలను ముందుగా పరిశీలిస్తాడు. లేఖకుడు ఎవరు, శిథిలభాగాలు ఎన్ని, ఏ అక్షరం ఏ అక్షరంగా పొరబడే వీలుంది వంటి ప్రశ్నలు వేసుకున్న తరువాతే పాఠ నిర్ణయానికి పూనుకుంటాడు. ధ్వనిముద్రణ విషయంలో ఇంతటి జాగ్రత్త సాధారణంగా కనిపించదు. యంత్రం విన్నదంతా ఉన్నదున్నట్లు దాచిపెట్టిందనే నమ్మకం దీనికి కారణం. వాస్తవానికి ధ్వనిముద్రణ కూడా ఒక ప్రతియే. దానికీ లేఖకదోషాలు, లుప్తభాగాలు, ప్రక్షిప్తాలు ఉంటాయి.

పల్నాటి వీరుల కథను అలిశెట్టి గాలెయ్య గానం ఆధారంగా అధ్యయనం చేసి, అనువదించి జీన్ హెచ్. రోఘైర్ ప్రచురించిన గ్రంథం 1982లో వెలువడింది. గాయకుడు పాడినదాన్ని పాఠంగా స్థిరపరచుకునే ఇటువంటి పరిశోధనలకు ధ్వనిముద్రణే పునాది. నేటి పరిశోధకుడు పాఠంతోనే ఆగడం లేదు. కథకుడి స్వరం ఎక్కడ హెచ్చింది, ఎక్కడ తగ్గింది, వచనం నుండి పాటలోకి ఎలా మారింది, వాద్యం కథాగమనాన్ని ఎలా నడిపింది అనే ప్రదర్శనాంశాలను కూడా పరిశీలిస్తున్నాడు. ఈ అంశాలన్నీ మిక్సింగ్ ప్రక్రియల వల్ల సులభంగా మారిపోయేవే. అందువల్ల ఈ పరిభాష సాంకేతిక నిపుణుడికి ఎంత అవసరమో సాహిత్య పరిశోధకుడికీ అంతే అవసరం.

2. ధ్వని లక్షణాలు, డెసిబెల్:

2.1 పౌనఃపున్యం, కంపన పరిమితి:

ధ్వని గాలిలో పీడన తరంగంగా ప్రయాణిస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. సెకనుకు జరిగే కంపనాల సంఖ్య పౌనఃపున్యం. దీన్ని హెర్ట్జ్‌లలో కొలుస్తారు. కంపనం ఎంత బలంగా ఉందో తెలిపేది కంపన పరిమితి. మనిషి చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. వయసు పెరిగేకొద్దీ పై హద్దు తగ్గుతుంది.

సహజ ధ్వని ఏదీ ఒకే పౌనఃపున్యంతో ఉండదు. మూలస్వరంతో పాటు దాని గుణిజాలైన అనుస్వరాలు కూడా ఉంటాయి. ఒకే శ్రుతిలో పలికినా తంబూర నాదం, మనిషి గొంతు వేర్వేరుగా వినిపించడానికి ఈ అనుస్వరాల బలాబలాలే ముఖ్యకారణం. అచ్చులను ఒకదాని నుండి ఒకటి వేరుచేసేవి వాగ్యంత్రపు అనునాద పౌనఃపున్యాలు. వీటిని ఫార్మెంట్లు అంటారు.

2.2 డెసిబెల్:

డెసిబెల్ అనేది నిష్పత్తిని సంవర్గమాన పద్ధతిలో తెలిపే కొలత. అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు మీదుగా దీనికి ఈ పేరు వచ్చింది. కంపన పరిమితి రెట్టింపైతే తేడా సుమారు 6 డెసిబెల్స్, పదిరెట్లయితే 20 డెసిబెల్స్. శక్తి లెక్కన చూస్తే రెట్టింపుకు సుమారు 3, పదిరెట్లకు 10 డెసిబెల్స్. శ్రోతకు ధ్వని రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి.

నిష్పత్తి అన్నప్పుడు దేనితో పోల్చామన్నది చెప్పాలి. గాలిలోని ధ్వనిని 20 మైక్రోపాస్కల్స్ పీడనంతో పోలుస్తారు. డిజిటల్ పరికరంలో మాత్రం ఆ పరికరం నమోదు చేయగల గరిష్ఠస్థాయిని సున్నాగా తీసుకుంటారు. కనుక అక్కడ సాధారణ స్థాయిలన్నీ మైనస్ 6, మైనస్ 20 అంటూ రుణసంఖ్యలుగా ఉంటాయి. సిద్ధాంతగ్రంథంలో ‘కథకుడి స్వరం 65 డెసిబెల్స్’ అని మాత్రమే రాస్తే ఆ సంఖ్యకు అర్థం లేదు. ప్రమాణ ధ్వనితో సరిచూడని ముద్రణ నుండి సాఫ్ట్‌వేర్ చూపే డెసిబెల్ విలువలు ఆ ముద్రణలోని భాగాలను పరస్పరం పోల్చడానికి మాత్రమే పనికివస్తాయి. ఇద్దరు కథకులను రెండు ఊళ్లలో, రెండు పరికరాలతో ముద్రించి ‘మొదటివారి స్వరం 8 డెసిబెల్స్ ఎక్కువ’ అని నిర్ణయించడం చెల్లదు.

3. ధ్వని అంకెలుగా మారే విధానం:

3.1 శాంప్లింగ్ రేటు:

మైక్రోఫోన్ పీడన తరంగాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతాన్ని సెకనుకు కొన్నివేలసార్లు కొలిచి అంకెలుగా నమోదు చేయడమే శాంప్లింగ్. ఎన్నిసార్లు కొలిచారో తెలిపేది శాంప్లింగ్ రేటు. ఒక పౌనఃపున్యం సక్రమంగా నమోదు కావాలంటే శాంప్లింగ్ రేటు దానికి రెట్టింపు కంటే ఎక్కువ ఉండాలి. హ్యారీ నైక్విస్ట్ 1928లోనూ, క్లాడ్ షానన్ 1949లోనూ ప్రచురించిన పత్రాలు ఈ సూత్రానికి ఆధారాలు. 44,100 హెర్ట్జ్‌ల రేటుతో ముద్రించే కాంపాక్ట్ డిస్క్‌లో 22,050 హెర్ట్జ్‌ల వరకే ధ్వనికి చోటుంటుంది. వీడియో రంగంలో 48,000 హెర్ట్జ్‌లు ప్రమాణం. ఆ హద్దు దాటిన పౌనఃపున్యాలను ముందుగా వడపోయకపోతే అవి లేని పౌనఃపున్యాలుగా రూపుమార్చుకొని ముద్రణలో చేరుతాయి. దీన్ని ఏలియాసింగ్ అంటారు. ధ్వనిముద్రణలో ఇది ప్రక్షిప్తం వంటిది.

సంప్రదాయ టెలిఫోన్ వ్యవస్థ శాంప్లింగ్ రేటు 8,000 హెర్ట్జ్‌లు. అది సుమారు 300 నుండి 3,400 హెర్ట్జ్‌ల వరకే ధ్వనిని చేరవేస్తుంది. సకారంలోని ఊష్మశక్తి ఎక్కువగా 4,000 హెర్ట్జ్‌లకు పైనే ఉంటుంది. తెలుగులోని దంత్య ‘ౘ’, తాలవ్య ‘చ’ల మధ్య భేదం కూడా చాలావరకు ఎగువ పౌనఃపున్యాల్లోనే వ్యక్తమవుతుంది. ‘ౘలి’, ‘చెట్టు’ అన్న మాటల తొలి హల్లులను టెలిఫోన్ సంభాషణ ముద్రణ ఆధారంగా వర్గీకరించే మాండలిక పరిశీలన బలహీనమైనదవుతుంది. అక్కడ భేదం కనిపించకపోవడానికి కారణం మాట్లాడినవారి ఉచ్చారణ కావచ్చు, మాధ్యమం కావచ్చు. ముద్రణ ఒక్కటే చూసి ఏది కారణమో తేల్చలేము.

3.2 బిట్ డెప్త్:

ప్రతి కొలతనూ ఎన్ని మెట్లుగల కొలబద్దపై నమోదు చేశారో తెలిపేది బిట్ డెప్త్. 16 బిట్లలో 65,536 మెట్లు, 24 బిట్లలో 1,67,77,216 మెట్లు ఉంటాయి. ఒక్కో బిట్‌కు సుమారు 6 డెసిబెల్స్ చొప్పున 16 బిట్ల ముద్రణకు సుమారు 96, 24 బిట్ల ముద్రణకు సుమారు 144 డెసిబెల్స్ వ్యాప్తి లభిస్తుంది. అత్యంత మెల్లని ధ్వనికీ అత్యంత బిగ్గర ధ్వనికీ మధ్యగల ఈ వ్యాప్తినే డైనమిక్ రేంజ్ అంటారు.

ఆచరణలో పరికరాల సొంత రొద వల్ల 144 డెసిబెల్స్ పూర్తిగా లభించవు. అయినా 24 బిట్లు ఎంచుకోవడంలో ప్రయోజనముంది. స్థాయిని 30 డెసిబెల్స్ తగ్గించి ముద్రిస్తే సుమారు 5 బిట్లు వృథా అవుతాయి. 16 బిట్లలో మిగిలేవి 11. 24 బిట్లలో 19. ఊహించని కేకకోసం పైన చోటు వదిలిపెట్టే వెసులుబాటు 24 బిట్లలోనే ఉంటుంది. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం తన మార్గదర్శకాల్లో 48,000 హెర్ట్జ్‌లు, 24 బిట్లను కనీస ప్రమాణంగా సూచించింది.

3.3 ఫైల్ రూపాలు:

వేవ్ ఫైలు కొలతలన్నిటినీ ఉన్నదున్నట్లు దాచుతుంది. 48,000 హెర్ట్జ్‌లు, 24 బిట్లు, రెండు ఛానళ్లతో ముద్రిస్తే సెకనుకు 2,88,000 బైట్లు కావాలి. రెండు గంటల ఒగ్గుకథ ప్రదర్శనకు సుమారు 2.07 గిగాబైట్లు పడుతుంది. సాధారణ వేవ్ ఫైలు 4 గిగాబైట్ల హద్దు దాటదు కనుక రాత్రంతా సాగే ప్రదర్శనను పరికరం సుమారు నాలుగు గంటలకొకసారి కొత్త ఫైలుగా విడగొట్టవలసి వస్తుంది. ఆ విభజన చోట ఒక్క మాట కూడా జారిపోకుండా పరికరం పనిచేస్తున్నదో లేదో ముందే పరీక్షించుకోవాలి.

ఎం.పి.3 వంటి రూపాలు వేరు. ఒక బలమైన ధ్వని పక్కనున్న బలహీన ధ్వనిని చెవి గుర్తించలేదన్న శ్రవణ మనోవిజ్ఞాన సూత్రాన్ని ఆధారం చేసుకొని అవి కొంత సమాచారాన్ని శాశ్వతంగా తొలగిస్తాయి. కాంపాక్ట్ డిస్క్ ధ్వనికి సెకనుకు 1,411 కిలోబిట్లు అవసరం కాగా 128 కిలోబిట్ల ఎం.పి.3 అందులో పదకొండో వంతు మాత్రమే. వినడానికి తేడా అంతగా తెలియకపోవచ్చు. కొలవడానికి తేడా ఉంటుంది. స్పర్శవర్ణం విడుదలకు ముందుండే నిశ్శబ్దంలోకి ఆ విడుదల రొద కొంత ముందుగానే చొరబడడం ఈ రూపాల్లో తెలిసిన లోపమే. ‘అటు’, ‘అట్టు’ అన్న మాటల భేదం ఆ నిశ్శబ్దపు నిడివిలోనే ఉంది. ద్విత్వాల నిడివిని మిల్లీసెకన్లలో కొలిచే పరిశోధనకు ఇటువంటి ఫైలు తగదు. ఎం.పి.3ని తిరిగి వేవ్‌గా మార్చినంత మాత్రాన పోయిన సమాచారం తిరిగిరాదు.

4. ముద్రణస్థాయికి సంబంధించిన పదాలు:

4.1 గెయిన్, క్లిప్పింగ్, హెడ్‌రూమ్:

మైక్రోఫోన్ నుండి వచ్చే సంకేతాన్ని ఎంత పెంచుతున్నామో తెలిపేది గెయిన్. పెంచిన సంకేతం పరికరపు గరిష్ఠస్థాయిని దాటితే తరంగ శిఖరాలు తెగిపోతాయి. దీన్ని క్లిప్పింగ్ అంటారు. తెగిన శిఖరం స్థానంలో చదునైన గీత మిగులుతుంది. మూలంలో లేని అనుస్వరాలు పుట్టుకొస్తాయి. తరువాత స్థాయి తగ్గించినా శిఖరం తిరిగిరాదు. సాఫ్ట్‌వేర్ దాన్ని ఊహించి పూరించగలదు. శిథిల తాళపత్రంలో పండితుడు ఊహించి పూరించిన అక్షరానికి ఎంత ప్రామాణ్యమో దానికీ అంతే ప్రామాణ్యం.

సాధారణ శిఖరాలకూ గరిష్ఠస్థాయికీ మధ్య వదిలిపెట్టే చోటు హెడ్‌రూమ్. క్షేత్ర ముద్రణలో శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేటట్లు గెయిన్ అమర్చుకోవడం మంచి అలవాటు. డప్పు, డోలు వంటి వాద్యాల తొలిదెబ్బ క్షణికమైనా చాలా బలమైనది. కథకుడి మాటను బట్టి మాత్రమే గెయిన్ అమర్చితే మొదటి దరువుకే క్లిప్పింగ్ వస్తుంది. అందువల్ల ప్రదర్శనకు ముందు వాద్యాన్ని పూర్తి బలంతో వాయించమని కోరి స్థాయి సరిచూసుకోవాలి.

4.2 నాయిస్ ఫ్లోర్:

ఏమీ పలకనప్పుడు కూడా ముద్రణలో మిగిలే రొదస్థాయి నాయిస్ ఫ్లోర్. పరికరపు రొద, పరిసరాల రొద రెండూ ఇందులో చేరుతాయి. ధ్వనికీ ఈ రొదకూ మధ్యగల తేడా సంకేత–రొద నిష్పత్తి. ప్రదర్శనకు ముందు ఒక నిమిషంపాటు ఎవరూ మాట్లాడకుండా పరిసర ధ్వనిని మాత్రమే ముద్రించుకోవడం అవసరం. తరువాతి విశ్లేషణలో ఏది ప్రదర్శన, ఏది పరిసరం అని తేల్చడానికి అదే ఆధారమవుతుంది.

4.3 స్వయంచాలక గెయిన్ నియంత్రణ:

స్మార్ట్‌ఫోన్లలోనూ కొన్ని చిన్న రికార్డర్లలోనూ గెయిన్‌ను యంత్రమే మారుస్తూ ఉంటుంది. మెల్లని ధ్వనిని పెంచుతుంది. బిగ్గర ధ్వనిని తగ్గిస్తుంది. సంభాషణకు ఇది సౌకర్యమే కాని ప్రదర్శన అధ్యయనానికి తీవ్రమైన అవరోధం. బాలచంద్రుడి యుద్ధఘట్టంలో కథకుడు స్వరం హెచ్చించినా, మాంచాల ఘట్టంలో తగ్గించినా ముద్రణలో రెండూ దాదాపు ఒకే స్థాయిలో కనిపించవచ్చు. ‘ఈ కథకుడు రసానుగుణంగా స్వరస్థాయిని మార్చడు’ అని అటువంటి ముద్రణ ఆధారంగా తీర్మానిస్తే అది యంత్ర స్వభావాన్ని కళాకారుడికి అంటగట్టడమే. డప్పుదెబ్బ పడిన ప్రతిసారీ గాయకుడి గొంతు అణగి, మళ్లీ మెల్లగా పైకి వస్తుంటే ఈ నియంత్రణ పనిచేస్తున్నదని గుర్తించవచ్చు. ముద్రణకు ముందే దీన్నీ, రొద తొలగించే సౌకర్యాన్నీ నిలిపివేయాలి. నిలిపివేసే వీలు లేని పరికరాన్ని ఈ పనికి వాడకూడదు.

5. మైక్రోఫోన్, ఫేజ్:

5.1 దూరం, దిశ:

ఆరుబయట ధ్వనిమూలం నుండి దూరం రెట్టింపైతే స్థాయి సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. బుర్రకథలో ప్రధాన కథకుడు అడుగులు వేస్తూ ముందుకూ వెనక్కూ కదులుతాడు. స్థిరంగా నిలిపిన మైక్రోఫోన్‌కు అతడు ఒక మీటరు దూరం నుండి రెండు మీటర్లకు జరిగితే గొంతు తగ్గించకపోయినా ముద్రణలో 6 డెసిబెల్స్ తగ్గుదల నమోదవుతుంది. స్వరస్థాయిని అధ్యయనం చేయదలచినప్పుడు దుస్తులకు తగిలించే చిన్న మైక్రోఫోన్ వాడాలి, లేదా కదలికలు తెలిసేటట్లు వీడియో కూడా తీయాలి.

ముందువైపు నుండి వచ్చే ధ్వనిని ఎక్కువగా స్వీకరించే కార్డియాయిడ్ మైక్రోఫోన్లు పక్కల రొదను తగ్గిస్తాయి. ఇటువంటివాటిని నోటికి మరీ దగ్గరగా ఉంచితే దిగువ పౌనఃపున్యాలు సహజస్థాయి కంటే పెరుగుతాయి. గొంతు గంభీరంగా వినిపించడం కళాకారుడి గుణమా, మైక్రోఫోన్ సామీప్య ఫలితమా అన్నది దూరం నమోదు చేసి ఉంటేనే తేలుతుంది.

5.2 ఫేజ్:

కంపనచక్రంలో తరంగం ఏ స్థానంలో ఉన్నదో తెలిపేది ఫేజ్, అంటే దశ. ఒకే గొంతును రెండు మైక్రోఫోన్లు వేర్వేరు దూరాల నుండి స్వీకరించినప్పుడు ఒకదానిలో ధ్వని కొంత ఆలస్యంగా చేరుతుంది. దూరాల మధ్య తేడా 34.3 సెంటీమీటర్లయితే ఆలస్యం ఒక మిల్లీసెకను. ఆ రెండు సంకేతాలను సమానంగా కలిపితే 500, 1,500, 2,500 హెర్ట్జ్‌ల వద్ద అవి పరస్పరం రద్దవుతాయి. వర్ణపటం దువ్వెన పళ్లలా కనిపిస్తుంది కనుక దీన్ని కోంబ్ ఫిల్టరింగ్ అంటారు. అచ్చుల ఫార్మెంట్లు ఉండే ప్రాంతం సరిగ్గా ఇదే. ఇటువంటి మిశ్రమం నుండి అచ్చులను కొలిస్తే ఫలితాలు తప్పుతాయి.

దీనికి పరిహారంగా ఒక అనుభవసూత్రం ఉంది. ప్రతి మైక్రోఫోన్ తన కళాకారుడి నుండి ఎంత దూరంలో ఉందో, పక్క మైక్రోఫోన్ దానికి కనీసం మూడురెట్ల దూరంలో ఉండాలి. అంతకంటె ముఖ్యమైనది, ఒక్కో మైక్రోఫోన్ సంకేతాన్ని వేర్వేరు ట్రాకులుగా ముద్రించడం. కలిపిన ధ్వనిని తిరిగి విడదీయడం కష్టం. విడిగా ఉన్నదాన్ని ఎప్పుడైనా కలుపుకోవచ్చు.

6. మిక్సింగ్ ప్రక్రియలు:

వేర్వేరు ట్రాకుల స్థాయిలను, దిశలను, పౌనఃపున్యాలను సరిచేసి ఒక సమగ్ర శ్రవణరూపంగా కూర్చడమే మిక్సింగ్. ఇందులో వాడే ప్రధానపదాలివి.

6.1 ఫేడర్, పానింగ్: ట్రాకు స్థాయిని హెచ్చించడానికీ తగ్గించడానికీ వాడేది ఫేడర్. ఎడమ, కుడి ఛానళ్ల మధ్య ధ్వనికి స్థానం కల్పించడం పానింగ్. బుర్రకథలో కథకుడిని మధ్యలోనూ, వంతలిద్దరినీ చెరోవైపునా ఉంచితే ఎవరి మాట ఎవరిదో శ్రోతకు సులభంగా తెలుస్తుంది. పాఠ లేఖనానికి ఇది ఎంతో ఉపకరిస్తుంది.

6.2 ఈక్వలైజేషన్: ఎంచుకున్న పౌనఃపున్య ప్రాంతాలను పెంచడం లేదా తగ్గించడం ఈక్వలైజేషన్. నిర్ణీత హద్దుకు దిగువన ఉన్నవాటిని వడపోసేది హై పాస్ ఫిల్టర్. గాలి రొదను తగ్గించడానికి 80 హెర్ట్జ్‌ల వద్ద దీన్ని వాడడం పరిపాటి. మాటకు దీనివల్ల పెద్ద నష్టం లేకపోయినా డోలు దిగువనాదం కొంత పోతుంది. మన దేశంలో విద్యుత్ సరఫరా పౌనఃపున్యం 50 హెర్ట్జ్‌లు కావడం వల్ల ముద్రణలో చేరే గుమ్మనే రొద 50, 100, 150 హెర్ట్జ్‌ల వద్ద ఉంటుంది. పురుషస్వరపు మూల పౌనఃపున్యం తరచుగా 100, 150 హెర్ట్జ్‌ల ప్రాంతంలోనే సంచరిస్తుంది. కనుక ఆ రొదను తొలగించే వడపోత స్వరాన్ని కూడా తాకుతుంది.

6.3 కంప్రెసర్, లిమిటర్: నిర్ణీత స్థాయిని దాటిన ధ్వనిని ఒక నిష్పత్తి ప్రకారం తగ్గించేది కంప్రెసర్. ఆ స్థాయిని థ్రెషోల్డ్ అంటారు. థ్రెషోల్డ్ మైనస్ 20, నిష్పత్తి 4:1 అనుకుందాం. మైనస్ 8 డెసిబెల్స్ వద్ద వచ్చిన కేక థ్రెషోల్డ్‌ను 12 డెసిబెల్స్ దాటింది. కంప్రెసర్ దాన్ని 3 డెసిబెల్స్‌కు కుదిస్తుంది. అంటే అది మైనస్ 17 వద్ద వెలువడుతుంది. కథకుడి మామూలు మాటకూ కేకకూ మధ్యనున్న 12 డెసిబెల్స్ తేడా 3కు పడిపోయింది. కంప్రెసర్ ఎంత త్వరగా పని ప్రారంభిస్తుందో ఎటాక్ సమయం, ఎంత త్వరగా విరమిస్తుందో రిలీజ్ సమయం తెలుపుతాయి. నిష్పత్తిని చాలా ఎక్కువగా ఉంచి ఒక హద్దు దాటనీయకుండా చేసేది లిమిటర్. ఫైలు పరిమాణాన్ని తగ్గించే కంప్రెషన్, స్థాయి వ్యాప్తిని తగ్గించే ఈ కంప్రెషన్ పేరుకు ఒకటే అయినా పూర్తిగా వేర్వేరు ప్రక్రియలని గమనించాలి.

6.4 ప్రతినాదం: గోడల నుండి పరావర్తనం చెందిన ధ్వనులు ఒకదానిలో ఒకటి కలిసి కొనసాగడం ప్రతినాదం. ధ్వనిమూలం ఆగిన తరువాత స్థాయి 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే కాలాన్ని ప్రతినాద కాలం అంటారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలెస్ సెబైన్ పందొమ్మిదో శతాబ్ది చివరిలో దీన్ని శాస్త్రీయంగా అధ్యయనం చేశాడు. మిక్సింగ్‌లో కృత్రిమ ప్రతినాదం జోడిస్తే గొంతుకు నిండుదనం వస్తుంది. అయితే ఊరి నడిబొడ్డున ఆరుబయట జరిగిన ప్రదర్శన పెద్ద మందిరంలో జరిగినట్లు వినిపిస్తుంది. ప్రదర్శన స్థలం కూడా అధ్యయనాంశమే అయినప్పుడు ఇది అసత్య సమాచారమవుతుంది.

6.5 శ్రుతి సవరణ: పాడిన స్వరాన్ని సమీపంలోని నిర్ణీత స్వరస్థానానికి జరిపే సాఫ్ట్‌వేర్ 1997 నుండి వాడుకలో ఉంది. స్వరాష్టకాన్ని పన్నెండు సమభాగాలు చేసే పద్ధతి దీనికి సాధారణ ప్రమాణం. జానపద గాయకుల స్వరస్థానాలు, గమకాలు, జారుళ్లు ఆ పన్నెండింటిలో ఇమడవలసిన అవసరం లేదు. పరిశోధన ప్రతిలో దీన్ని వాడడం మాండలిక పదాన్ని గ్రాంథిక రూపంలోకి దిద్దడం వంటిది.

6.6 నార్మలైజేషన్, లౌడ్‌నెస్: ఫైలు మొత్తానికి ఒకే పరిమాణంలో గెయిన్ మార్చి శిఖరాన్ని నిర్ణీత స్థాయికి తేవడం నార్మలైజేషన్. లోపలి భాగాల మధ్య తేడాలు మారవు కనుక ఇది సాపేక్షంగా నిరపాయకరం. వేర్వేరు ఫైళ్ల మధ్య పోలిక మాత్రం దీనివల్ల దెబ్బతింటుంది. శిఖరాన్ని బట్టి కాక చెవికి తోచే బిగ్గరతనాన్ని బట్టి కొలిచే పద్ధతిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో ప్రమాణీకరించింది. యూరప్ ప్రసార సంస్థల సంఘం 2010లో దాని ఆధారంగా మైనస్ 23 ప్రమాణాన్ని నిర్ణయించింది.

6.7 రొద తొలగింపు: పరిసర రొద నమూనాను గ్రహించి దాన్ని ముద్రణ అంతటి నుండి తీసివేసే ప్రక్రియ ఇది. రొదతో పాటు ఊష్మాల చివరలు, మెల్లని అచ్చుల తోకలు కూడా పోవచ్చు. మిగిలిన ధ్వనిలో నీటిబుడగల వంటి కృత్రిమ నాదాలు చేరవచ్చు. అంతేకాక, శ్రోతల ‘ఆహా’లు, పిల్లల కేరింతలు పరిశోధకుడికి రొద కావు. మౌఖిక ప్రదర్శనలో శ్రోత కూడా భాగస్వామి. దేన్ని రొద అనాలో నిర్ణయించడం యంత్రం పని కాదు.

7. విశ్లేషణకు సంబంధించిన పదాలు:

ఎంత సంక్లిష్టమైన తరంగాన్నైనా సరళ తరంగాల మొత్తంగా విడదీయవచ్చన్న భావనకు జోసెఫ్ ఫూరియర్ 1822లో ప్రచురించిన ఉష్ణ సిద్ధాంత గ్రంథం ప్రసిద్ధి తెచ్చింది. ఆ లెక్కను కంప్యూటర్‌పై వేగంగా చేసే పద్ధతిని కూలీ, టూకీ 1965లో ప్రచురించారు. దీన్ని ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అంటారు. ధ్వనిని చిన్నచిన్న కాలఖండాలుగా తీసుకొని ప్రతి ఖండానికీ ఈ లెక్క చేసి, ఫలితాలను వరుసగా పేర్చితే వచ్చే చిత్రం స్పెక్ట్రోగ్రామ్. అడ్డంగా కాలం, నిలువుగా పౌనఃపున్యం, రంగు గాఢతలో బలం కనిపిస్తాయి.

ఆ కాలఖండాన్ని విండో అంటారు. విండో చిన్నదైతే కాలం స్పష్టంగానూ, పౌనఃపున్యం మసకగానూ తెలుస్తుంది. పెద్దదైతే ఇందుకు విరుద్ధం. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వీనింక్ రూపొందించిన ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 5 మిల్లీసెకన్ల విండోకు పౌనఃపున్య విభేదనం సుమారు 260 హెర్ట్జ్‌లు, 30 మిల్లీసెకన్ల విండోకు సుమారు 43 హెర్ట్జ్‌లు. ‘అటు’, ‘అట్టు’ల నిడివి భేదం చూడదలచినవారు చిన్న విండోనూ, గాయకుడి స్వరపు అనుస్వరాలను చూడదలచినవారు పెద్ద విండోనూ ఎంచుకోవాలి. స్పెక్ట్రోగ్రామ్ చిత్రాన్ని సిద్ధాంతగ్రంథంలో ఇచ్చేటప్పుడు విండో నిడివిని కూడా పేర్కొనడం ఉచితం.

8. మూలప్రతి, శ్రవణప్రతి:

పైన వివరించిన ప్రక్రియలేవీ వాటంతట అవి దోషాలు కావు. కళాకారుల కుటుంబానికి ఇచ్చే ప్రతి, తరగతిలో వినిపించే ప్రతి, ప్రసారానికి ఉద్దేశించిన ప్రతి వినసొంపుగా ఉండాలి. దానికి మిక్సింగ్ తప్పనిసరి. ఆ ప్రతినే ఆకరంగా స్వీకరించి కొలతలు తీయడం దగ్గరే చిక్కు వస్తుంది.

ఈ చిక్కుకు పరిష్కారం మన సాహిత్య పరిశోధనలోనే ఉంది. సి.పి. బ్రౌన్ పండితుల సహాయంతో పలు ప్రతులను సేకరించి, సరిపోల్చి కావ్యాలకు శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. ఆ శుద్ధప్రతులు వచ్చినంత మాత్రాన మాతృకలు అనవసరం కాలేదు. పరిష్కర్త నిర్ణయాన్ని తరువాతివారు ప్రశ్నించాలంటే మాతృక నిలిచి ఉండాలి, పాఠాంతరాలు నమోదై ఉండాలి. ధ్వనిముద్రణకూ ఇదే నియమం వర్తిస్తుంది. పరికరం నుండి వచ్చిన ఫైలు మాతృక. మిక్సింగ్ జరిగినది పరిష్కృత ప్రతి. చేసిన ప్రతి మార్పు పాఠాంతర సూచిక. ఈ దృష్టితో ప్రతి సేకరణకూ ఒక వివరపత్రం జతచేయాలి. అందులో కనీసం ఈ అంశాలుండాలి.

1. ముద్రించిన తేదీ, స్థలం, ఆరుబయటనా లోపలనా అన్న వివరం. ముద్రణకూ వినియోగానికీ కళాకారుల సమ్మతి.
2. రికార్డర్, మైక్రోఫోన్ రకాలు. మైక్రోఫోన్‌కూ కళాకారుడికీ మధ్య దూరం.
3. శాంప్లింగ్ రేటు, బిట్ డెప్త్, ఫైలు రూపం, ట్రాకుల సంఖ్య.
4. స్వయంచాలక గెయిన్ నియంత్రణ, రొద తొలగింపు, హై పాస్ ఫిల్టర్ ఉన్నాయా లేవా అన్న సమాచారం.
5. శ్రవణప్రతిలో చేసిన ప్రతి మార్పు, దాని విలువలతో సహా. ఉదాహరణకు ‘కంప్రెసర్: థ్రెషోల్డ్ మైనస్ 20, నిష్పత్తి 4:1’.
6. మూలప్రతిని భద్రపరచిన చోట్లు. ఇవి కనీసం రెండు వేర్వేరు ప్రదేశాల్లో ఉండాలి.

ఫైలు పేరులోనే ‘మూలం’, ‘శ్రవణం’ అని గుర్తు ఉంచడం వల్ల పదేళ్ల తరువాత ఆ ఫైలు తెరిచే మరో పరిశోధకుడు పొరబడడు. సందేశ యాప్‌ల ద్వారా వచ్చిన ఫైళ్లు మరోసారి కుదింపునకు గురై ఉండవచ్చు కనుక వాటిని మూలప్రతులుగా పరిగణించకూడదు.

9. ముగింపు:

ధ్వనిముద్రణ పరిభాషను స్థూలంగా మూడు వర్గాలుగా చూడవచ్చు. శాంప్లింగ్ రేటు, బిట్ డెప్త్, క్లిప్పింగ్, స్వయంచాలక గెయిన్ వంటివి ముద్రణ సమయంలోనే నిర్ణయమవుతాయి. అక్కడ జరిగిన నష్టాన్ని తరువాత పూరించలేము. ఈక్వలైజేషన్, కంప్రెషన్, ప్రతినాదం, రొద తొలగింపు వంటివి ముద్రణానంతర మార్పులు. మూలప్రతి ఉన్నంతకాలం వాటివల్ల ప్రమాదం లేదు. విండో నిడివి, డెసిబెల్ ప్రమాణం వంటివి విశ్లేషకుడి ఎంపికలు; వాటిని ప్రకటించినంతకాలం ఇతరులు సరిచూడగలరు.

మౌఖిక కళారూపాల విషయంలో రెండో అవకాశం తరచుగా ఉండదు. వయోవృద్ధుడైన కథకుడు చెప్పిన కథను అతని తదనంతరం మళ్లీ ముద్రించలేము. అందువల్ల విశ్వవిద్యాలయాల తెలుగు, జానపద, భాషాశాస్త్ర శాఖలు పరిశోధన పద్ధతుల పాఠ్యప్రణాళికలో క్షేత్ర ధ్వనిముద్రణకు చోటు కల్పించడం అవసరం. సిద్ధాంతగ్రంథాల అనుబంధాల్లో తాళపత్ర ప్రతుల వివరణతో సమానంగా ధ్వనిప్రతుల వివరణ కూడా ఉండాలి. పర్యవేక్షకులు ముద్రణ వివరపత్రం లేని ధ్వని కొలతలను అంగీకరించకుండా ఉంటే ఈ అలవాటు త్వరలోనే స్థిరపడుతుంది.